పొగమంచు అని రాసిన రోజు

పొద్దున్న ఏడింటికి తాతయ్య రేడియోలో దగ్గుతాడు.
ఆ దగ్గే మా పడవకు మేలుకొలుపు.
"దక్షిణాన నాలుగు మైళ్లు. రెండు. కాదు, మూడు.
ఊపిరి ఎడమకు వంగింది. అవే."

నారింజరంగు జాకెట్లలో పన్నెండు మందిని
రబ్బరు పడవ మీద కూర్చోబెట్టి ఇంజను తిప్పుతాను.
ఒకాయన కెమెరాకు తొడుగు తొడిగి తన తల సంగతి మరిచిపోతాడు.
ఒకావిడ అడుగుతుంది, మీవాళ్లు వీటిని తినేవారా అని.
రోజూ ఎవరో ఒకరు అడుగుతారు.
తినలేదండీ, అమ్ముకున్నాం.
ఎక్కడివో యంత్రాలకు నూనె పోసి
మా పొయ్యి వెలిగించుకున్నాం.

పీకూ ద్వీపంలో కొండ అంచున ఒక రాతి గూడు,
మేం విజియా అంటాం.
ఇద్దరు పడితే మూడోవాడు బయటే.
సముద్రం వైపు గోడలో బెత్తెడు చీలిక.
ఎవారిస్తు తాతయ్య జీవితమంతా ఆ బెత్తెడులోంచే చూశాడు.
కళ్లు కాయలు కాచాయంటారు కదా,
ఆయనకు నిజంగానే కాశాయి:
దుర్భిణి ఒరిసి ఒరిసి కనుబొమల కింద రెండు గట్టి ముడులు.

అప్పట్లో ఆయన చూస్తే తారాజువ్వ లేచేది.
ద్రాక్షతోటలో పార అక్కడే పడేది,
పిండి కలిపిన చేతులతో ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చేవాళ్లు,
ఏడుగురు మగాళ్లు, ఒక తెరచాప, ఒక బల్లెం.
గ్వాల్తెర్ చిన్నతాతకు రెండు వేళ్లు లేవు, తాడు తీసుకుపోయింది.
మిగతా మూడింటితోనే అకార్డియన్ వాయిస్తాడు,
బాగానే వాయిస్తాడు.

మొన్న మ్యూజియం వాళ్లు పాత చిట్టాపుస్తకం అడిగారు.
ఇచ్చేముందు వంటింట్లో కూర్చుని పైకి చదివాను.
"1971 జూన్ తొమ్మిది. పొగమంచు. ఏమీ కనబడలేదు."
చిక్కుళ్లు ఒలుస్తున్న బెల్మీరా అమ్మమ్మ చెయ్యి ఆగింది.
"తొమ్మిదా? మీ అమ్మ బాప్తిస్మం మర్నాడు.
తెల్లగౌను ఉతికి నల్లగోడ మీద వేస్తే
గంటలో పెళపెళలాడింది. ఏ పొగమంచు?"

తాతయ్య చారులో రొట్టె ముంచాడు.
"తల్లీ పిల్లా," అన్నాడు చాలాసేపటికి.
"పిల్ల తోక ఇంకా మడతలు విప్పుకోలేదు."
తర్వాత, మాట వెనక్కి తీసుకుంటున్నట్టు,
"ఏమో. నిద్ర పట్టిందేమో కూడా."

అమ్మమ్మ మెచ్చుకోలేదు.
"ఆ నెల దుకాణం ఖాతాలో మన పేరు రెండో పేజీకి పాకింది.
చక్కెర లేకుండా పాలు పట్టాను నేను.
నీకు మాత్రం పొగమంచు!"
మూత గిన్నె మీద కాదు, బల్ల మీద పడింది.
రాత్రంతా ఇద్దరూ చెరో గోడవైపు తిరిగి పడుకున్నారు,
అన్నేళ్లనాటి చక్కెర కోసం.

పుస్తకం ఉన్నదున్నట్టే ఇచ్చేశాను.
గాజు కింద ఆ పేజీ తెరిచి పెట్టరు,
అందులో చూడ్డానికి ఏమీ లేదు.

ఇవాళ తెరిపి. కొండ శిఖరం దాకా కనబడుతోంది.
రేడియో చాలాసేపు మాట్లాడలేదు.
దగ్గైనా లేదు. నాకు గుండె జారింది.
అప్పుడు ఆయన గొంతు, పక్కన ఎవరో నిద్రపోతున్నంత మెల్లగా:
"నీ కుడివైపు. దగ్గరికి పోకు. ఆపెయ్."

ఇంజను ఆపాను.
నీళ్లు పడవను తట్టే చప్పుడొక్కటే మిగిలింది.
దూరంగా ఒక పెద్ద ఊపిరి, దాని వెనకే,
తుమ్మినంత చిన్నది ఇంకొకటి.

ఎందుకాపారని అడిగింది ఆవిడ.
పొగమంచు, అన్నాను.
పన్నెండు మందీ ఎండలో కళ్లు చిట్లించి ఆకాశం వెతికారు.
కెమెరా ఆయన అద్దం తుడుచుకున్నాడు,
మళ్లీ తుడుచుకున్నాడు.