ఫారం ఇరవై తొమ్మిది

కగ్గదాసపుర రైల్వే గేటు పక్క
జెరాక్సు షాపు బల్ల మీద
ఫారం ఇరవై తొమ్మిదిలో రెండు సంతకాలు,
ముప్పైలో ఇంకో రెండు.
బ్రోకరు ఫయాజ్ ఆధార్ నకలు అడిగాడు, ఇచ్చాను.
పాన్ నకలు, ఇచ్చాను.
కరెంటు బిల్లెందుకని అడగబోయి
వెనక నిలబడ్డవాళ్ళ సణుగుడు విని
అదీ ఇచ్చాను.
పదకొండేళ్ళ బూడిదరంగు వ్యాగనార్‌కి
లక్షా ఎనభై రెండు వేలు.
తాళం చెవితో పాటు నన్నెంత ఇచ్చేశానో
ఆ రోజు లెక్కేసుకోలేదు.

మొదట్లో వచ్చిన ఫోన్లు ఈగలు.
లోను కావాలా మేడమ్,
మీ ఇన్సూరెన్సు ముగుస్తోంది మేడమ్.
బండి అమ్మేశానయ్యా అంటే
అయితే మీ స్కూటర్‌కి, అంటాడు.

తర్వాత చలాన్లు.
నేనెన్నడూ చూడని హిరియూరు దాటాక
బెల్టు పెట్టుకోని ఎవరిదో భుజం ఫొటోలో,
కింద నా పేరు.
వంటింట్లో చారుకి పోపు పెడుతున్న నిమిషంలో
నేను గంటకి నూటపన్నెండులో పోతున్నానట.
నిజం చెప్పొద్దూ,
కాస్త ఈర్ష్యగా అనిపించింది.

ఒక శనివారం మధ్యాహ్నం
"గాడి తెగీరి మేడమ్, గేటుకి అడ్డం పెట్టారు" అని
రాజాజీనగర్ నుంచి ఎవరో పెద్దాయన తిట్లు.
అప్పుడు గుర్తొచ్చింది, ముందద్దం లోపల
నా చేత్తో రాసి నేనే అంటించిన చీటీ:
అడ్డమైతే ఈ నంబరుకి ఫోన్ చేయండి.

రాత్రి పదిన్నరకి ఇంకొకడు.
"వకుళ గారేనా? తేజు వాళ్ళమ్మ?
సీటు కింద పాప జడపిన్ను దొరికిందండీ,
ఎర్ర సీతాకోకచిలుకది.
మీ అడ్రసు సర్వీసు పుస్తకంలో ఉంది,
తెచ్చిమ్మంటారా?"
మంచివాడే అయ్యుండొచ్చు.
కానివాడు కూడా
సరిగ్గా ఇంత మర్యాదగానే మాట్లాడతాడు.
వద్దన్నాను.
తలుపు గడియ రెండోసారి లేచి చూశాను.

మొన్న సాయంత్రం కింద హారన్.
గొంతు జీరపోయిన ఆ హారన్
నాకు తెలియకపోవడమేమిటి!
బాల్కనీ గుడ్డల సందులోంచి చూస్తే
నా బండి, నా గేటు ముందు,
స్టీరింగు వెనక ఇరవై ఏళ్ళు నిండని కుర్రాడు.
"తెరలో హోమ్ అని ఉంటే నొక్కానాంటీ,
ఇక్కడికి తెచ్చింది."
నెలమంగల వాడు. బండి కొని వారమైందట,
నాలుగో చెయ్యో అయిదో చెయ్యో.

దిగి వెళ్ళాను. నా సీట్లో కూర్చున్నాను.
వెనక్కి జరిపేశారు, కాళ్ళందలేదు.
తెరలో ఒక్కొక్కటే చెరిపాను.
ఇల్లు. ఆఫీసు. తేజు స్కూలు.
కళావతి డాక్టరు.
చివర్న పేరు పెట్టనిదొకటి,
ఉత్త అంకెలు.
హెచ్.ఏ.ఎల్. ప్రహరీ వెనక, విమానాలు దిగే వైపు,
ఆఫీసుకీ ఇంటికీ మధ్య
ఇంజను ఆపి నేను కూర్చునే ఇరవై నిమిషాలు.
ట్రాఫిక్ అని చెప్పేదాన్ని.
పదకొండేళ్ళూ ట్రాఫికే.

"అక్కడికీ పోయానాంటీ" అన్నాడు,
నా వేలు ఆగడం చూసి.
"ఏమీ లేదక్కడ. ఊరికే కూర్చున్నా కాసేపు.
బాగుంది."

నా పుట్టిన తేదీ తెలిసినవాళ్ళని తిట్టుకున్నాను,
నా నెత్తుటి గుంపు తెలిసినవాళ్ళకి భయపడ్డాను.
వీణ్ణేమనాలో తోచలేదు.
చెరిపేయమంటారా అని తెర అడిగింది.
అవుననే నొక్కాను.

బండి మలుపు తిరిగి పోయాక తట్టింది:
వాడి పేరడగలేదు.
వాడి నంబరు
నా దగ్గర లేదు.