వంటగది తాళం

ముసఫాల కంపెనీ మూతవడ్డ నాలుగో నెల.
కఫీల్ ఫోను ఎత్తుతలేడు.
కరెంటు పోయిన క్యాంపుల
డెబ్బై మందిమి, ఒక్కటే నీళ్ల ట్యాంకు.

కమిటీ ఏసుకున్నం. కూలగొట్టినం.
మల్ల ఏసుకున్నం.
పప్పు కాడ లొల్లి, మంచం కాడ లొల్లి.

గప్పుడు లేచిండు రాజలింగు.
యాడికెల్లి తెచ్చిండో, రెండు బస్తాల బియ్యం దించి
"తాళం నా మొలతాడుకుంటది, సరేనా?" అన్నడు.
అందరికన్న ముందుగాల చప్పట్లు కొట్టింది
నేనే.
ఆకలి మీద అన్నం ఆవిరి
కండ్లను ఎట్ల కమ్ముతదో
మీకెర్కనా?

లెక్కలడిగిన గంగనర్సుకు ఆ రాత్రి
గిన్నె బోర్లిచ్చిండు.
మేము మెతుకులు ఏరుకుంట
తలకాయ ఎత్తలే.

నిన్న జీతాలు పడ్డయి.
బియ్యం ఇప్పుడు ఎవలన్న కొనచ్చు.
తాళం ఇయ్యిమనెతందుకు
డెబ్బై నోర్లల్ల
ఒక్కటి లేస్తలేదు.