చక్కెర ముట్టనివి

హయలియా, ఫ్లోరిడా. మూడో అంతస్తు.
ఫ్రిజ్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని
టార్చి వేశాను.
వెలుగు కన్నా ముందు నా ఊపిరి తగిలిందేమో
అన్నీ చెల్లాచెదురు.
వెన్నూ పొట్టా రెండూ గోడకి ఆనితే గానీ
వాటికి కుదురుండదు.
ఎంత ఇరుకైతే అంత ఇల్లు.

"ఎలియేసెర్, పోయిన నెల పెట్టిన మందేమైంది?"
కాఫీ డబ్బా మూత తీస్తూ అడిగింది సొరాయిదా.

ఏమీ కాలేదు.
మూలమూలా నేను పెట్టిన బొట్లు
పెట్టినవి పెట్టినట్టే ఎండిపోయి ఉన్నాయి,
ఎవరూ ఎంగిలి చెయ్యని విస్తరిలా.

ఇరవై రెండేళ్ళుగా నా పని ఇదే,
విషానికి తీపి పూయడం.
తీపిని నమ్మినవన్నీ వెల్లకిలా పడ్డాయి.
నాలుక తేడాతో పుట్టిన ఏ నాలుగో
చక్కెర చేదుగా తోచి
మూతి తిప్పుకుని వెళ్ళిపోయాయి.
ఇప్పుడీ వంటగది ఆ నాలుగింటి మునిమనవలది.

మగది రెక్కలెత్తి
వీపు మీద ఊరిన తీపి చుక్క
ఆడదాని నోటికి అందిస్తుంది.
ఇప్పటి ఆడది రుచి చూసి
మధ్యలోనే దిగిపోతుందట.
పాపం, వలపుకి కూడా కొత్త వంటకం వెతుక్కోవాలి.

వెతుక్కున్నట్టే ఉన్నాయి.
పైపు పక్కన ఒక తల్లి,
గుడ్ల తిత్తి ఒంటికి అంటించుకునే తిరుగుతోంది.
లోపల ముప్ఫయ్యో నలభయ్యో.
పొదిగే వేళ దాకా విడవదు.
సబ్బు ముక్క, అట్టపెట్టె జిగురు, రాలిన గోరు,
ఏదైనా సరే దానికి.
నీళ్ళు లేకుండా మాత్రం ఎన్నాళ్ళో ఉండలేదు.
అందుకే కారే కుళాయి కిందే కాపురం.

ఇదంతా చెబితే సొరాయిదా నవ్వింది.
"వీటి తాతలకి తెలివి లేదన్నమాట."
డాక్టరు చక్కెర మానమని పదకొండేళ్ళయింది.
ఎడమ పాదానికి కట్టు.
నాలుగు చెంచాలు వేసి, తొలి డికాక్షన్ పోసి
నురగ తెల్లబడేదాకా గిలకొడుతోంది.
మణికట్టు చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు.

నాకూ ఒక చిన్న కప్పు.
వద్దనలేదు నేను.

కుళాయి బిగించాను.
చక్కెర లేని మందు కొత్తది పెట్టాను,
ఎన్ని తరాలు పనిచేస్తుందో.
రసీదు రాస్తూ తలెత్తితే
పట్టపగలే బల్ల మీదికి వచ్చిందొకటి.
మీసాలు ఒకసారి ఆడించి,
ఒలికిన చక్కెర గింజల మీద నుంచి
ఇసుక మీద నడిచినట్టు
నడిచి వెళ్ళిపోయింది.

సొరాయిదా కళ్ళు మూసుకుని
రెండో గుటక వేస్తోంది.