సింధియాలో బండ్ల షెడ్డు

పదిహేనేళ్లు ఓడ ఇంజన్ రూముకి చెవులిచ్చేసి
వచ్చిన డబ్బుతో రేకుల షెడ్డు వేశాను.
సముద్రమ్మీదికెళ్లే కుర్రాళ్లు
బండ్లు నాకొదిలి వెళ్తారు. నెలకి మూడొందలు.

ఎక్కడికని అడగను.
తాళంచెవికి కట్టిన చీటీ మీద
పేరుంటుంది, తేదీ ఉండదు.

ఆదివారం పూట ఒక్కోదాన్నీ స్టార్ట్ చేసి
కాసేపు మాట్లాడనిస్తాను.
ఉప్పుగాలి తినెయ్యకుండా గొలుసులకి నూనె.

ఒకప్పుడు నా స్కూటర్ని ఎవరూ కదపలేదు.
అయిదు నెలలకి దిగి, కిక్కు కొట్టి కొట్టి,
చివరికి లారీ పట్టుకుని
కేజీహెచ్‌కి చేరేసరికి
పాప పుట్టి మూడు గంటలు.

మొన్న అర్ధరాత్రి కేరళ కుర్రాడు షైజు దిగాడు.
ఒక్క కిక్కు. అందుకుంది.
వెళ్తూ వెళ్తూ ఏదో అన్నాడు, డబ్బుల గురించేమో,
నాకు వినపడలేదు.
బండి వినపడింది.