మూడున్నర ఫీట్లు

డాక్టర్ నీళ్లల్ల నడువుమన్నడు.
ఏ నీళ్లల్ల సారూ, అన్న నేను.
ఆయన నవ్వి మందుచీటి రాసిండు,
మా ఓదెలు మాత్రం నవ్వలే.
ఇంటికొచ్చి చెప్పులన్న ఇడువకుంట
పెరట్ల సున్నంతోని గీత గీసిండు:
ఇరవై అడుగులు, పది అడుగులు,
మూలలు సరిగ్గ తొంభై డిగ్రీలు.

ముప్పై నాలుగేండ్లు లోకో షెడ్డుల ఫిట్టరు.
ఇంచుల పదహారో వంతు తేడా వస్తె
అన్నం ముట్టని మనిషి.

సోమిడి వాడకట్టంత గోడ మీదికెళ్లి చూసింది.
"బాయా ఓదెలన్నా?" "కాదు."
"సెప్టిక్ ట్యాంకా?" "కాదు."
ఏందో చెప్పనీకి ఆయనకు సిగ్గు,
నా మోకాళ్ల సంగతి నలుగురిల అననీకి నాకు సిగ్గు.
మట్టి మాత్రం తట్టలు తట్టలుగ లేచింది.

మూడున్నర ఫీట్ల కాడ గడ్డపార ఖంగుమన్నది.
బండ.
ఓరుగల్లు అంటె ఒక్కటే రాయి అని
బళ్లె చదివిన గని
ఆ ఒక్కటి మా పెరట్లనే ఉన్నదని
పంతులు చెప్పలే.

మొగిలి మేస్త్రి వంగి, చెయ్యి పెట్టి చూసి
"మందు పెడితె నీ ఇల్లే లేస్తదే" అన్నడు.
మూడు రోజులు ఓదెలు ఆ గుంతల కూసున్నడు,
షెడ్డుకొచ్చిన కరాబు ఇంజన్ను చూసినట్టు చూసుకుంట.
నాలుగో పొద్దు సున్నం గీత తుడిచేసి
బండ ఎట్ల పోతె అట్ల గోడ కట్టుమన్నడు.
ఇప్పుడది చదరం కాదు, గుండ్రం కాదు,
కొరికిన జొన్నరొట్టె.

వేలంల తెచ్చిన టేకు స్లీపర్లు పద్దెనిమిది.
ఎన్ని రైళ్లను మోసినయో, ఎండకు తారు వాసన కొడుతయి.
చిత్రిక పట్టి, నూనె రుద్ది, గట్టున పరిచిండు,
చెక్కకు చెక్కకు నడుమ రూపాయి బిళ్లంత సందు.
బోల్టు బొక్కలన్ని పూడ్చుకుంట వస్తుంటె
ఒక్కటి ఉండనియ్యి అన్న.

ట్యాంకర్లతోని నింపిన నాడు
వాడకట్టు పిలగాండ్లు గోడ దుంకి వచ్చిన్రు.
తెల్లారేసరికి రెండు వేళ్ల లోతు తగ్గింది.
మల్ల తెల్లారి ఇంకో రెండు.
ఆయన స్కేలు పట్టుకొని గట్టు మీదనే పండుకున్నడు,
టార్చిలైటు వేసి రాత్రంత లెక్కలు.
ఎండకాలం. బిందె బిందెకు కొట్లాడే వాడల
ఇన్ని నీళ్లు మట్టి తాగుడేందని
నాకు ముద్ద దిగలే.

లెక్కలు చాలు, జరుగు అని
గిన్నెల పసుపు కలిపి అంచు పొంటి మెల్లగ ఒంపిన.
కదలని నీళ్లల్ల పసుపు
కొంతసేపు మబ్బు లెక్క నిలవడ్డది,
తర్వాత సన్నటి దారమై
తొవ్వ తెలిసినట్టు పోయింది
బండకు గోడకు నడుమ, వెంట్రుకంత సందులకు.
ఫిట్టరు నోరు తెరిచిండు.
"గాడ" అన్న నేను.

సందు పూడ్చి పదకొండు రోజులైంది.
ఇయ్యాల కండ్లద్దాలు తీసి
పూడ్వని బోల్టు బొక్కల నిలవెట్టిన.
కుచ్చిళ్లు ఎగజెక్కిన. మొదటి మెట్టు. రెండో మెట్టు.
నడుము కాడికొచ్చి ఆగినయి నీళ్లు.
కాళ్ల కింద బండ నున్నగ లేదు,
ఏనుగు వీపు లెక్క గరుకు.
మోకాళ్లు ఉన్నయో లేవో తెలుస్తలేదు.
కాజీపేట దిక్కు ఏదో ఇంజన్ కూసింది.
స్లీపర్ల మీద కూసున్న ఓదెలు
గడియారం చూసుకొని
"పది నిమిషాలు లేటు" అన్నడు,
బండి సంగతో, నా సంగతో.