ఆరొందల మిల్లీలీటర్లు

ఉలాన్‌బాతర్, జనవరి, సోమవారం, పొద్దున ఆరున్నర.
బస్సు అద్దానికి లోపలి వైపే మంచు.
గోకి చూస్తే పొగ తప్ప ఊరు లేదు.
వార్డు చేరేసరికి నా మాస్కు మీద
ముక్కు దగ్గర రెండు నల్ల చుక్కలు.
అవి చూసుకున్నాకే చేతులు కడుక్కుంటాను.

లువ్‌సన్‌దొర్జ్ అప్పటికే తూకం మీద నిలబడి ఉన్నాడు,
గుర్రం బేరానికి వచ్చినవాడిలా.
కాకపోతే ఇక్కడ గుర్రం తనే.
మూడు కిలోల రెండొందలు ఎక్కువ.
"గాలి తిన్నాను" అన్నాడు.
వంగి, అతని పిక్క మీద బొటనవేలు నొక్కాను.
గుంట పడింది. పూడటానికి దానికేం తొందర లేదు.
"గాలికి ఇంత లోతు రాదన్నా. ఎన్ని గిన్నెలు?"

వేళ్లు మడిచాడు.
చెల్లెలి గుడారంలో ఒకటి.
పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీసిన ఇంట్లో రెండు.
దారిలో ఎక్కించుకున్న లారీవాడి ఫ్లాస్కులోంచి ఒకటి.
ఆ తర్వాత వేళ్లు మడవడం మానేశాడు.

పాలు, ఉప్పు, టీ.
గడప దాటిన మనిషికి
పేరడిగే ముందే చేతికిచ్చే గిన్నె.
వద్దంటే ఆ ఇంటినే వద్దన్నట్టు.
నా కాగితంలో రోజుకి ఆరొందల మిల్లీలీటర్లని ఉంది,
ఉప్పు పక్కన ఎర్రగీత ఉంది.
రాసినవాళ్లెవరూ మైనస్ ముప్పైలో
పరాయి తలుపు తట్టి ఉండరు.

ఎడమ ముంజేతి మీద మూడు వేళ్లు ఆనించాను.
చర్మం కింద రక్తం జుమ్మంటోంది,
ఈగ వాలిన చోట మాత్రమే వణికే గుర్రం ఒంటిలా.
"ఉందా?"
"ఉంది."
ఈ ఒక్క మాట కోసం వారానికి మూడుసార్లు కళ్లు మూసుకుంటాడు.
సూది నా వంతు.
పంతొమ్మిదేళ్లయినా
ఆ క్షణాన ఊపిరి బిగబట్టేది నేనే.

అవతలి గదిలో త్సెండ్-ఆయూష్,
కొండవాలు గుడారంలో బొగ్గు పొయ్యి ముందు
నలభై చలికాలాలు కూర్చున్న మనిషి.
రాత్రి మనవడు ఆక్సిజన్ ఐదుకి తిప్పాడు, ప్రేమ కొద్దీ.
రెండుకి దించాను.
దొంగని చూసినట్టు చూశాడు నన్ను.
ఎలా చెప్పను వాడికి,
ఆ ఊపిరితిత్తులు కొరతలోనే లెక్కలు నేర్చుకున్నాయని,
ఒక్కసారిగా కలిమి వచ్చిపడితే
ముసలమ్మ మెల్లగా మత్తులోకి జారిపోతుందని?
తొంభై చాలు నాయనా. నూరు మనది కాదు.

ముందుకి వంచి, మోచేతులు బల్ల మీద పెట్టించాను.
ముక్కుతో రెండు లెక్కలు లోపలికి,
పెదాలు సున్నాలా చుట్టి నాలుగు లెక్కలు బయటికి.
రాలేదు.
కొవ్వొత్తి అన్నాను, ఈకలు అన్నాను.
దగ్గి, విసుక్కుని, నా కొంగు లేని భుజాన్ని పట్టుకుంది.
"వేడి టీ మీద మీగడ పక్కకి జరిగేలా ఊదమ్మా."
వచ్చింది.

మధ్యాహ్నం నడవాలో,
మూడు కిలోలు దిగి, గోడ పట్టుకుని
తల తిరుగుడు తగ్గేదాకా నిలబడ్డాడు లువ్‌సన్‌దొర్జ్.
చక్రాల కుర్చీలోంచి ఆమె చూసింది.
ఎదుట మనిషి నిలబడి ఉన్నాడు, తన దగ్గర ఫ్లాస్కు ఉంది.
ఇంకేం ఆలోచించలేదు.
గిన్నె నింపి చాచింది.

అతను నావైపు చూశాడు.
నేను ఫైలులోకి చూశాను.
కుడిచేత్తో అందుకుని, ఎడమచేయి మోచేతికి ఆనించి,
అంచుని పెదవికి తాకించి,
తిరిగి ఇచ్చేశాడు.
పెద్దవాళ్లు ఒప్పుకునేంత తాకిడి అది.
అయినా పెదవి తడిని నాలుక తుడుచుకోవడం నాకు కనిపించింది.
చార్టులో రాయలేదు.

ఆమె మాత్రం గిన్నె మీద పొడుగ్గా ఊదింది.
మీగడ అటు జరిగింది.
నాలుగు దాకా వెళ్లి, ఐదో లెక్క కూడా.

కోటు గుండీలు పెట్టుకుంటూ అడిగాడతను:
"నాలోంచి తీసిన నీళ్లు ఎటు పోతాయి?
తూల్ నదిలో కలవవు కదా?"
ఏటిలో చేతులు కూడా కడగనివ్వని అమ్మ పెంచిందట.
కనుక్కుని చెబుతానన్నాను.

రేపు బుధవారం.
ఇంకా కనుక్కోలేదు.