దువ్విన ఇసుక

తాలిన్ నుంచి నాలుగు గంటల దారి.
మాకు తొమ్మిది పట్టింది.
హెల్వె అత్తకి తొందరంటే గిట్టదు,
నా పాత కారుకి ఎనభై దాటితే గుండెదడ.
ఇద్దరికీ సరిపోయింది.

కరెంటు స్తంభం మీద కొంగ గూడు కనిపిస్తే ఆగాం.
పిల్లలు మూడా నాలుగా అని
అత్త కళ్లద్దాలు తుడిచి తుడిచి లెక్కపెట్టింది.
నాలుగోది తల ఎత్తేదాకా కదలనంది.
గొడుగు కింద స్ట్రాబెర్రీలమ్మే కుర్రాడి దగ్గర ఆగాం.
పుస్తకంలోంచి తలెత్తకుండానే తూచాడు,
మొగ్గు మాత్రం మా వైపే.
ఇంకోచోట ఎందుకాగామో గుర్తులేదు.
రై చేను గాలికి ఒకవైపు వాలుతోంది, అంతే.

జూన్ ఆఖరు. ఇక్కడ పొద్దు గూట్లో పడాలంటే
రాత్రి పదిన్నర దాటాలి.
చీకటి పడుతోందని తరిమేవాళ్లెవరూ లేరు.

విర్ట్సు రేవులో కార్ల వరస.
మోచేతుల దాకా కారుతున్న ఐస్‌క్రీం,
కప్పుల మీద తలకిందులుగా సైకిళ్లు,
నోరు తెరుచుకుని వస్తున్న తెల్ల ఓడ.
టికెట్లు చూసే అమ్మాయి కిటికీలోకి వంగి నవ్వింది.
అంతలో అత్త చెయ్యి
సంచిలోకి దూరి తడుముకోవడం మొదలెట్టింది.
రుమాలు, మందుల డబ్బా, పళ్లూడిన దువ్వెన.
"ఏం పోయిందత్తా?"
"కాగితం."
"ఏ కాగితం?"
ఆ అమ్మాయి అప్పటికే
ముందుకు పొమ్మని చెయ్యూపింది.

ఓడ మీద, రైలింగు పట్టుకుని చెప్పింది.
అప్పట్లో ఈ దీవి సరిహద్దట.
అనుమతి లేనిదే రేవు దాటనిచ్చేవాళ్లు కాదట.
కురెస్సారెలో పడవలు బాగుచేసే ఆర్వెద్ కోసం
తన ఇరవై రెండో ఏట నుంచీ
మూడు వేసవులు అర్జీ పెట్టింది.
ఒక్కసారి ఇచ్చారు. నాలుగు రోజులకి.
"బీచి చూపించాడా?"
"దూరం నుంచి.
సాయంత్రమయ్యేసరికి సిపాయిలు
ట్రాక్టరుతో ఇసుకంతా దువ్వేసేవాళ్లు.
తెల్లారి ఒక్క అడుగు కనబడితే ఊరంతా సోదా.
నున్నగా ఉండేదిలే, అప్పుడే పరిచిన పక్కలా."
ఆర్వెద్ సంగతి నేనడగలేదు.
తనూ ఎత్తలేదు.
ఓడ వెనకాల నురగ
కాసేపు దారిలా ఉండి చెదిరిపోయింది.

దీవికీ దీవికీ మధ్య కట్ట మీద
ముప్పైలో నడిపాను. వెనక లారీవాడు
హారను కొట్టి కొట్టి విసుగెత్తి, తనూ నెమ్మదించాడు.
రెల్లులో హంసలు. గాలిమరలు తిరగడం లేదు,
వాటికీ సెలవులే కాబోలు.
పొగబెట్టిన చేపని కాగితంలో చుట్టి ఇచ్చిన ముసలాయన
మీదే ఊరన్నాడు.
అత్త కాసేపాలోచించి, "ఈ ఊరే" అంది.

తొమ్మిదిన్నరకి బీచి.
సూర్యుడింకా బెత్తెడు ఎత్తులో ఉన్నాడు.
అలలని పిలిస్తే మొహమాటపడేంత చిన్న అలలు.
అత్త చెప్పులు విప్పి చేత పట్టుకుంది.
తిన్నగా నడవలేదు.
కోడిపిల్లని తరుముతున్నట్టు వంకరటింకరగా,
కాసేపు వెనక్కి వెనక్కి,
ఒకచోట ఆగి మడమలు దిగేసి గిర్రున తిప్పి.
డెబ్బై తొమ్మిదేళ్ల పాదాలు,
వేలి మీద వేలెక్కిన పాదాలు.

కారు బానెట్ మీద కూర్చుని
చేప ముళ్లు తీస్తూ కేకేశాను,
"చాలా అత్తా?"

"ఉండవే," అంది,
"ఆ మూల ఇంకా ఖాళీగా ఉంది."